వార్తల్లో పదం: యాంటిజెన్ ప్రెజెంటేషన్

కొత్త టీకా గురించి చదివినా, క్యాన్సర్ ఇమ్యునోథెరపీ గురించి చదివినా ఈ మాట తగులుతోంది. ఒంట్లోకి చొరబడ్డ సూక్ష్మజీవి ప్రొటీన్‌ను మన కణం ముక్కలు చేసి, ఒక ముక్కను తన పైపొర మీద నిలిపి టి కణం అనే రోగనిరోధక కణానికి చూపించడమే యాంటిజెన్ ప్రెజెంటేషన్.

యాంటీబాడీలు వైరస్‌ను నేరుగా పట్టుకోగలవు. మామూలు టి కణానికి ఆ శక్తి లేదు. ప్రొటీన్ ముక్క ఎంహెచ్‌సీ అనే అణువులో అమరి ఉంటేనే గుర్తుపడుతుంది. చూపించడంలో అసలు నేర్పరి డెండ్రైటిక్ కణం. 1973లో దీన్ని గుర్తించిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ ప్రకటించారు. అప్పటికి ఆయన చనిపోయి మూడు రోజులు.

బయటినుంచి మింగిన ప్రొటీన్ ముక్కలు సాధారణంగా ఎంహెచ్‌సీ-2 మీదుగా సహాయక టి కణాలకు, కణం లోపలే తయారైన వైరస్ ప్రొటీన్ ముక్కలు ఎంహెచ్‌సీ-1 మీదుగా సంహారక టి కణాలకు కనిపిస్తాయి. అయితే ముక్క ఒక్కటే చాలదు. ప్రమాద సంకేతం తోడు లేకపోతే టి కణం చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. టీకాలో అడ్జువెంట్ కలిపేది ఆ సంకేతం కోసమే. మన జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్, కొవిడ్ టీకా కొవాగ్జిన్‌లో అల్యూమినియం జెల్‌కు ప్రమాదాన్ని పసిగట్టే టీఎల్‌ఆర్ 7, 8 గ్రాహకాలను తట్టిలేపే అణువును జోడించింది.

మనుషుల్లో ఎంహెచ్‌సీ పేరు హెచ్‌ఎల్‌ఏ. కిడ్నీ మార్పిడికి ముందు పోల్చేది దీన్నే. నడుంనొప్పి నెలల తరబడి వదలకపోతే డాక్టరు రాసే హెచ్‌ఎల్‌ఏ-బి27 పరీక్ష కూడా హెచ్‌ఎల్‌ఏలోని ఒక రకం కోసమే. అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. ఆ రకం ఉన్నవారిలో ఎక్కువమందికి ఏ కీళ్లవ్యాధీ రాదు.