గ్యారేజిలో వర్క్‌షాపు: తీగకు ఎంత కరెంటు?



ఇంటి పక్క కారు షెడ్డును చిన్న వర్క్‌షాపుగా మార్చుకునేవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. అంతవరకూ అక్కడ ఉండేది ఒక బల్బు, ఒక ప్లగ్గు. ఆ ప్లగ్గుకే డ్రిల్లు, గాలి కంప్రెసరు, చివరకు వెల్డింగు యంత్రం కూడా తగిలిస్తారు. ఎం.సి.బి. మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. విసుగెత్తి 10 ఆంపియర్లది తీసేసి 32 ఆంపియర్లది బిగిస్తారు. ట్రిప్పింగు ఆగిపోతుంది. అసలు ప్రమాదం మొదలయ్యేది అప్పుడే.

ఎందుకంటే ఎం.సి.బి. ముఖ్యంగా కాపాడేది తీగను. మీరు చదువుకున్న ఓమ్ నియమంతోనే లెక్క వేద్దాం. లైట్లకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం కిలోమీటరుకు 12.1 ఓమ్‌లు. షెడ్డు మెయిన్ బోర్డుకు 30 మీటర్ల దూరంలో ఉందనుకోండి. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి తీగ పొడవు 60 మీటర్లు. నిరోధం సుమారు 0.73 ఓమ్‌లు. 32 ఆంపియర్ల ఎం.సి.బి. 30 ఆంపియర్లను ఎంతసేపైనా పోనిస్తుంది. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 650 వాట్లు. ఇంచుమించు ఒక ఇస్త్రీపెట్టె వేడి అంతా గోడలోని గొట్టంలో పుడుతుందన్నమాట! సాధారణ పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకునేలా తయారవుతుంది. ఆపైన అది మెత్తబడి, పగిలి, చివరకు నిప్పు అంటుకోవచ్చు.

ఇక వోల్టేజి సంగతి. ఒక హార్స్‌పవర్ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. 40 ఆంపియర్లు అనుకుంటే ఈ తీగలోనే 29 వోల్టులు పోయి, మోటారుకు 230 బదులు 201 వోల్టులే అందుతాయి. మోటారు తిరిగే బలం వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది గనుక అది నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది. కంప్రెసరు మూలుగుతూ నిలబడిపోవడానికి ఇదొక కారణం. అదే దూరానికి 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం ఏడున్నర వోల్టులు దాటదు. అందుకని ముందు తీగ మార్చాలి, తర్వాతే దానికి తగిన ఎం.సి.బి.

ఎర్తింగు విషయంలో చాలామంది పొరబడతారు. షెడ్డు దగ్గర ఒక కడ్డీ పాతేస్తే చాలనుకుంటారు. ఫేజు తీగ యంత్రం ఒంటికి తగిలిందనుకోండి. భూమి గుండా పోయే దారి నిరోధం మొత్తం 10 ఓమ్‌లైతే ప్రవహించేది 23 ఆంపియర్లే. 32 ఆంపియర్ల ఎం.సి.బి. కదలదు! యంత్రం ఒంటి మీద కరెంటు అలాగే ఉంటుంది. ముట్టుకున్నవారి ప్రాణం పోవచ్చు. కాబట్టి సరైన ఎర్తు తీగతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండాలి. వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ తేడా రాగానే అది సరఫరాను ఆపేస్తుంది.

యంత్రాలు పెద్దవైతే త్రీఫేజు మేలు. 5 కిలోవాట్ల మోటారు లోడుకు, పవర్ ఫ్యాక్టరు 0.8 అనుకుంటే, సింగిల్ ఫేజులో 27 ఆంపియర్లు కావాలి. 415 వోల్టుల త్రీఫేజులో ఒక్కో తీగకు దాదాపు 9 చాలు. అదే సైజు తీగల్లో మొత్తం వేడి సుమారు ఆరో వంతుకు తగ్గుతుంది. యంత్రాల మోటార్లు కూడా త్రీఫేజువి అయి ఉండాలనేది మరవకండి.

ఇందుకు విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి మంజూరైన లోడు పెంచుకోవాలి. పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతోనే చేయించాలి. షెడ్డులో డబ్బుకు పని చేసిపెడుతుంటే గృహ కనెక్షన్ మీద నడపకూడదు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ప్రకారం మంజూరు కాని అవసరానికి కరెంటు వాడితే వర్తించే టారిఫుకు రెట్టింపు వసూలు చేస్తారు.