తుప్పు పట్టు

పాత మారుతి 800 ముందు చక్రం తీసి, హబ్బు నడుమ ఉన్న పెద్ద నట్టును ఊడదీశాక యాక్సిల్ రాడ్డు చేత్తో తోస్తే లోపలికి జారిపోవాలి. బండి కొత్తలో అలాగే జారుతుంది. ఇరవై ఏళ్లు కాకినాడలోనో విశాఖలోనో తిరిగిన బండి మాత్రం మాట వినదు. సుత్తితో కొడితే కొట్టినవాడి మోచెయ్యి అదురుతుంది గాని రాడ్డు అదరదు. పట్టేసిందంటాడు మెకానిక్. నట్టు చూస్తే పక్కన కింద పడి ఉంది. లోపల మేకు లేదు, జిగురు లేదు, వెల్డింగు లేదు. మరి పట్టుకున్నదేమిటి? చాలామంది దీన్ని మన బలం చాలకపోవడంగా చూసి ఇంకా పెద్ద సుత్తి వెతుకుతారు. నిజానికి ఆ సందులో రాయిలాంటి పదార్థం ఒకటి పెరిగి కూర్చుంది. దాన్ని పగలగొట్టాలి. ఇనుముతో కుస్తీ పట్టడం వేరు, ఆ పదార్థాన్ని పగలగొట్టడం వేరు.

ముందుగా ఆ రాడ్డు అక్కడెందుకుందో చూద్దాం. అంబాసిడర్‌లోనూ ప్రీమియర్ పద్మినిలోనూ ఇంజను ముందుంటుంది, బండిని తోసేవి వెనక చక్రాలు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ముందు చక్రాలే లాగే కారు మన వీధుల్లో మామూలు దృశ్యమైంది. ఇంజను అడ్డంగా కూర్చుంటుంది. గేర్‌బాక్సు నుంచి అటొకటి ఇటొకటి రాడ్లు బయలుదేరి చక్రాలను చేరతాయి. షెడ్డుల్లో యాక్సిల్ అనే డ్రైవ్‌షాఫ్టులు ఇవే. ఆ చక్రం ఊరికే తిరిగి ఊరుకోదు. గుంతలో దిగుతుంది, స్పీడ్ బ్రేకరెక్కుతుంది, స్టీరింగు తిప్పితే పక్కకు మళ్లుతుంది. కాబట్టి రాడ్డుకు రెండు చివరలా కీళ్లు కావాలి.

17వ శతాబ్దపు రాబర్ట్ హుక్ పేరు మీద ఒక కీలు ఎప్పటి నుంచో ఉంది. లారీల కింద కనిపించే క్రాసు అదే. నేరుగా ఉన్నంతసేపు అది బుద్ధిగా తిరుగుతుంది. 30 డిగ్రీలు వంచితే మాత్రం ఒక్కో చుట్టులో రెండుసార్లు సుమారు 15 శాతం వేగం పెరిగి, రెండుసార్లు 13 శాతం తగ్గుతుంది. వెనక చక్రాలకు వెళ్లే పొడుగాటి షాఫ్టుకు అంత వంపు ఉండదు కనక సర్దుకుపోవచ్చు. స్టీరింగు తిరిగే ముందు చక్రానికి అది పనికిరాదు, బండి వణికిపోతుంది. ఫోర్డ్ కంపెనీ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ర్జెప్పా 1920లలో దీనికి విరుగుడు కనిపెట్టాడు. ఆరు ఉక్కు గుళ్లను వంపును సరిగ్గా సగం చేసే తలంలో నిలబెట్టాడు. అప్పుడు లోపలికి వచ్చిన వేగమే తేడా లేకుండా బయటికీ వెళుతుంది. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారు ఆ కీలును ఇంటింటి సామాను చేసింది. మలుపులో కటకటమని చప్పుడు చేసే సీవీ జాయింటు ఈ కుటుంబానిదే. చప్పుడు మొదలైతే గ్రీజు పోయి గుళ్లు అరిగాయని అర్థం. యాక్సిల్ విప్పాల్సిన అవసరం చాలాసార్లు అక్కడే పుడుతుంది.

బయటి సీవీ జాయింటు చివర ఒక పొట్టి కడ్డీ ఉంటుంది. దాని చుట్టూ నిలువునా పళ్లు, హబ్బు రంధ్రం లోపల ఆ పళ్లకు సరిపోయే గాళ్లు. తిప్పే బలమంతా ఆ పళ్ల మీదుగానే చక్రానికి అందుతుంది. పన్నుకూ గాడికీ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. కథంతా ఆ సందులోనే.

ఆ సందులోకి నీరూ గాలీ చేరతాయి. ఇనుము తుప్పుగా మారినప్పుడు తనకున్న చోటు చాలదు. ఇనుము నుంచి పుట్టే ఐరన్ ఆక్సైడుకు దాదాపు రెండింతల జాగా కావాలి. నీటిని కూడా కలుపుకున్న తుప్పుకు ఇంకా ఎక్కువ, ఒక్కోసారి ఆరింతల దాకా. లోహం, దాని ఆక్సైడు ఆక్రమించే చోట్ల నిష్పత్తిని 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ అనే ఇద్దరు పద్ధతిగా లెక్కగట్టారు. లోహాల మీద పొర నిలుస్తుందా, పెచ్చులూడుతుందా అని చూడటానికి నేటికీ ఆ నిష్పత్తిని వాడతారు. బహిరంగ ప్రదేశంలో తుప్పు పెచ్చులుగా లేచి రాలిపోతుంది. హబ్బు లోపల రాలడానికి చోటేదీ? సందు నిండేదాకా పెరుగుతుంది, నిండాక రెండు గోడలనూ నెడుతూ బిగుసుకుంటుంది. కాంక్రీటు దూలంలో ఊచ తుప్పుపట్టి పైనున్న సిమెంటును పగలగొట్టేదీ ఈ ఒత్తిడే.

నీళ్లు తగలని బండికి కూడా ఇది తప్పదు. క్లచ్ వదిలిన ప్రతిసారీ, బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ పళ్లు గాళ్లలో మైక్రాన్ల మేర అటూ ఇటూ కదులుతాయి. ఆ కాస్త రాపిడికి లోహం మీది పల్చటి ఆక్సైడు పొర చెరిగిపోతుంది. కింద బయటపడ్డ కొత్త లోహం మళ్లీ గాలికి ఆక్సైడవుతుంది, అదీ చెరుగుతుంది. యాక్సిల్ బయటికి లాగాక పళ్ల మధ్య కనిపించే ఎర్రటి మెత్తటి పొడి ఇలా తయారైందే. బిగించిన లోహపు ముక్కల మధ్య ఈ రాపిడి తుప్పును 1911లో బ్రిటన్ పరిశోధకులు మొదటిసారి నమోదు చేశారు.

ఉప్పు తోడైతే చెప్పనక్కర్లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీటిని లాక్కుని ద్రావణమవుతుంది. వాన పడకపోయినా కోస్తాలో బండి అడుగుభాగం ఉప్పునీటి పొర కప్పుకునే ఉంటుంది. ఆ పొర విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనక తుప్పు రసాయనం పరుగెత్తుతుంది. అమెరికాలో మిషిగన్, ఇల్లినాయ్ వైపు స్థిరపడ్డ మనవాళ్లకు సముద్రం లేకుండానే ఈ బాధ తెలుసు. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు.

ఆ పట్టు ఎంత గట్టిదో ఒక చిన్న లెక్క చూద్దాం. 24 పళ్లున్న కడ్డీ అనుకుందాం. పన్ను పొడవు 40 మిల్లీమీటర్లు, ఎత్తు 2, ప్రతి పన్నుకూ రెండు పక్కలు. అంతా కలిపితే 3,840 చదరపు మిల్లీమీటర్లు. ఒక్కో చదరపు మిల్లీమీటరు దగ్గర తుప్పు ఒక్క కిలో బరువును ఆపినా మొత్తం నాలుగు టన్నులకు దగ్గరవుతుంది. మారుతి 800 మొత్తం బరువే 650 కిలోల చిల్లర.

అయితే తుప్పుకు ఒక బలహీనత ఉంది. అది లోహం కాదు, రాయి జాతిది. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగినా వంచినా అదిరించినా పగులుతుంది. ఉక్కు కాస్త సాగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, తుప్పు సాగలేదు. కాబట్టి ఉక్కును వెంట్రుక మందంలో సగమైనా కదిలిస్తే చాలు, మధ్యనున్న రాయి బీటలు వారుతుంది. ఒకసారి బీటలు వారితే పని సగం అయినట్టే. షెడ్డులో వాడే ఉపాయాలన్నీ ఆ కొద్దిపాటి కదలిక కోసమే.

అన్నిటికన్నా చవకైనది నూనె, దానికి కావలసింది ఓపిక. తుప్పు వదిలించే స్ప్రే గాని, అది లేకపోతే కిరోసిన్, డీజిల్ గాని కొడతారు. ఇవి తుప్పును కరిగించవు. పల్చగా ఉండి, సన్నటి పగుళ్లలోకి కేశనాళికల్లో పాకినట్టు పాకుతాయి. ఈ పాకుడుకు 1921లో వాష్‌బర్న్ ఒక సూత్రం ఇచ్చాడు. ద్రవం ఎంత లోపలికి పోవాలో ఆ దూరం వర్గంతో పాటు సమయం పెరుగుతుంది. మొదటి 10 మిల్లీమీటర్లకు గంట పడితే 40 మిల్లీమీటర్లకు 16 గంటలు. కొట్టిన ఐదు నిమిషాలకే సుత్తి అందుకునేవాడు ఆ నూనెను నేలపాలు చేసినట్టే. సాయంత్రం ఒకసారి, పడుకునేముందు మరోసారి కొట్టి వదిలేయడం మేలు. బ్రేకు డిస్కు మీదా ప్యాడ్ల మీదా ఒక్క చుక్క పడకుండా గుడ్డ కప్పాలి, నూనె పీల్చిన ప్యాడు మళ్లీ పనికిరాదు. మనవాళ్లు అన్నిటికీ వాడే డబ్ల్యూడీ-40 డబ్బా అసలు ఈ పనికి పుట్టలేదు. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో అట్లాస్ క్షిపణి పై తొడుగుకు తుప్పు పట్టకుండా నీటిని తోసివేయడానికి చేసిన మందది. పేరులోని 40 ఆ ప్రయత్నాల వరస సంఖ్య.

ఇక సుత్తి. కిలోన్నర సుత్తి సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చి సెకనులో వెయ్యో వంతు కాలంలో ఆగిందనుకోండి. ఆ క్షణంలో సగటున పడే బలం 7,500 న్యూటన్లు, అంటే ముప్పాతిక టన్ను. మనిషి చేతి ఊపుకు ఇది గొప్పే. కాని ఆ దెబ్బ తుప్పు దగ్గరే ఆగదు. సీవీ జాయింటు గుళ్లకు తగులుతుంది, హబ్బు బేరింగు గుళ్లకు తగులుతుంది. గుళ్లు తమ దారిలో సొట్టలు పెడతాయి. స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ 1900లో లోహం గట్టిదనాన్ని కొలవడానికి చేసింది సరిగ్గా ఇదే, గుండును ఒత్తి సొట్ట కొలవడం. మన బేరింగు మీద ఆ పరీక్ష మనమే చేస్తే, బండి అరవై దాటగానే చక్రం ఊళ పెడుతుంది. కొట్టక తప్పకపోతే నట్టును తిరిగి కడ్డీ అంచు దాకా ఎక్కించి, మధ్యలో ఇత్తడి ముక్క పెట్టి కొట్టాలి. లేకపోతే చివర పుట్టగొడుగులా విచ్చుకుని మరలు పోతాయి. అప్పుడు వదులైన రాడ్డు కూడా రంధ్రంలోంచి రాదు.

నా ఓటు పుల్లర్‌కే. హబ్బుకు బోల్టులతో బిగించి, నడిమి స్క్రూతో కడ్డీని లోపలికి నెట్టే పనిముట్టది. అర మీటరు రాడ్డు చివర 20 కిలోల బరువంత బలం పెడితే స్క్రూ మీద దాదాపు 100 న్యూటన్ మీటర్ల టార్కు. ఒక్కో చుట్టుకు 2 మిల్లీమీటర్లు కదిలే మర అయితే, బలంలో 85 శాతం మరల రాపిడికే పోయిందనుకున్నా, కడ్డీ మీద 4.7 టన్నులు పడుతుంది. ఒంటి చేత్తో ఏడు మారుతుల బరువు! ఇక్కడొక మెలకువ ఉంది. పుల్లర్‌ను గట్టిగా బిగించి, స్క్రూ తల మీద ఒక్కటి కొట్టండి. నిలకడగా ఉన్న ఒత్తిడి తుప్పును తెగే అంచుకు తెస్తుంది, అదురు బీట వేస్తుంది. టప్పుమని చప్పుడు, రాడ్డు ఒక్క మిల్లీమీటరు కదిలినా గెలిచినట్టే. రాకపోతే అలాగే వదిలి రేపు చూడాలి. రాత్రంతా ఆ ఒత్తిడి కింద ఉండి తనంతట తానే ఊడినవి షెడ్డుల్లో చాలానే ఉన్నాయి. స్క్రూకు ఎదురుగా మాత్రం ఎవరూ నిలబడకూడదు.

దీనికీ లొంగకపోతే మంట. వేడిచేస్తే రంధ్రం మూసుకుపోతుందనే అనుమానం చదువుకున్నవాళ్లలో కూడా ఉంది. రంధ్రం పెద్దదే అవుతుంది. ఊళ్లో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే కమ్మరికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. పిడకల మంటలో పట్టా ఎర్రబారాక చెక్క చక్రం మీద అవలీలగా కూర్చుంటుంది, నీళ్లు పోస్తే ముడుచుకుని బిగుసుకుంటుంది. ఉక్కు ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో 12 వంతులు పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 200 డిగ్రీలు వేడెక్కిస్తే 0.06 మిల్లీమీటర్లు విస్తరిస్తుంది. తుప్పు నిండిన సందుకు అది చాలా ఎక్కువ. షరతు ఒకటే: హబ్బు వేడెక్కాలి, కడ్డీ చల్లగా ఉండాలి. రెండూ సమానంగా వేడెక్కితే రెండూ సమానంగా పెరుగుతాయి, లాభం పోతుంది. అందుకే వేడి హబ్బుకే తగిలించి, అది కడ్డీకి పాకేలోపు పుల్లర్ తిప్పేయాలి. బేరింగు గ్రీజు, సీలు, జాయింటును కప్పే రబ్బరు బూటు ఈ వేడిని తట్టుకోవు. బేరింగును ఎలాగూ మార్చేటప్పుడే మంట జోలికి వెళ్లడం నయం. స్ప్రే తడి ఆరకముందు మంట పెట్టొద్దు. క్లోరినున్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట అసలే వద్దు, వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ఇంతకీ దేన్ని కాపాడుకుంటున్నామో మొదటే తేల్చుకోవాలి. యాక్సిల్ ఎలాగూ మార్చేదైతే దాని చివర ఏమైనా బాధ లేదు, హబ్బును జాగ్రత్తగా చూసుకుంటే చాలు. రెండూ కావాలంటే హబ్బును మోసే నకిల్‌తో సహా విప్పి ప్రెస్సు మీదకు తీసుకుపోవడం ఉత్తమం. ప్రెస్సు నిట్టనిలువుగా నొక్కుతుంది, సుత్తి ఎప్పుడూ ఏదో ఒక పక్కకు వాలుతుంది.

లోపలి చివర కథ వేరు. గేర్‌బాక్సు నూనెలో మునిగి ఉంటుంది కనక అక్కడ తుప్పు ఉండదు. పట్టుకునేది సర్‌క్లిప్పు, గాడిలో కూర్చున్న స్ప్రింగు ఉక్కు చుట్ట. ముందు నూనె దించుకోవాలి. రాడ్డు మధ్యలో పట్టుకుని లాగితే లోపలి జాయింటు విడిపోయి దాని రోలర్లు బూటులో పడతాయి, క్లిప్పు మాత్రం కదలదు. జాయింటు మెడ దగ్గర లివర్ పెట్టి ఒక్క కుదుపు కుదపాలి. నెమ్మదిగా నెడితే రబ్బరు మౌంట్ల మీద ఊగే గేర్‌బాక్సు కూడా మనతో పాటే వచ్చేస్తుంది. ఠక్కున కుదిపితే అంత బరువు కదలడానికి వ్యవధి ఉండదు, బలమంతా క్లిప్పు మీదే పడి అది ముడుచుకుంటుంది. ఒకే పక్కన ఎత్తితే షాఫ్టు వంకరగా బిగుసుకుంటుంది. రెండు పక్కలా రెండు లివర్లుంటే మేలు. రాకపోతే షాఫ్టును పావు చుట్టు తిప్పి మళ్లీ చూడండి. క్లిప్పు సొంత బరువుకు కిందికి వాలి ఒక అంచున ఎక్కువ పొడుచుకుని ఉంటుంది.

తిరిగి ఎక్కించేముందు హబ్బు గాళ్లను వైరు బ్రష్షుతో తోమి, పళ్లకు పల్చగా గ్రీజు గాని, జామ్ కాకుండా వాడే రాగి పేస్టు గాని పూయాలి. నట్టు మరలకు మాత్రం కంపెనీ చెప్పకపోతే ఏదీ పూయొద్దు. రాపిడి తగ్గితే అదే టార్కుకు బిగుతు మితిమీరి బేరింగు నలుగుతుంది. నట్టు కొత్తది, సర్‌క్లిప్పు కొత్తది, ఆయిల్ సీలు కూడా ఆ చేత్తోనే. లోపలి చివరను గేర్‌బాక్సులోకి నెట్టినప్పుడు క్లిప్పు ఠప్పుమని కూర్చోవాలి. కూర్చుందో లేదో జాయింటును పట్టుకుని ఒకసారి వెనక్కి లాగి చూసి, ఆ తర్వాతే నూనె నింపాలి.