నరం తీశాక నొప్పేమిటి?

''డాక్టరుగారూ, నరం తీసేశామన్నారు, క్యాప్ కూడా వేశారు. మళ్ళీ ఈ నొప్పేమిటండీ?'' దంతవైద్యురాలిగా నేను తరచూ వినే ప్రశ్న ఇది. ఆ వెంటనే చాలామంది ఆడవాళ్ళు, ''మళ్ళీ మళ్ళీ ఖర్చెందుకు, పీకేయండి'' అనేస్తారు.

తొందరపడకండి. ఆ పన్నులో శుభ్రం కాని కాలువ ఇంకొకటి ఉండి ఉండొచ్చు.

పన్ను వేరు లోపల సన్నటి దారి ఉంటుంది. నరాలూ, రక్తనాళాలూ అందులోనే ఉంటాయి. పిప్పి అక్కడిదాకా పాకితే ఆ దారంతా శుభ్రం చేసి, నింపి మూసేస్తాం. అదే రూట్ కెనాల్. చిక్కల్లా ఈ దారులు అందరికీ ఒకేలా ఉండకపోవడమే!

పై దవడలో ఆరేడేళ్ళ వయసులో వచ్చే మొదటి పెద్ద దంతాన్నే తీసుకోండి. దానికి సాధారణంగా మూడు వేర్లు. కానీ బుగ్గవైపు ముందున్న వేరులో సగానికి పైగా మందికి రెండో కాలువ ఉంటుంది. అది చాలా సన్నం. కింది రెండో పెద్ద దంతంలో కొందరికి వేర్లు కలిసిపోయి, కాలువ నెలవంకలా వంగి ఉంటుంది.

1984లో అమెరికాలో వెర్టుచ్చి అనే వైద్యుడు 2400 పళ్ళను పరిశీలించి, కాలువల అమరికను ఎనిమిది రకాలుగా విభజించారు.

ఎక్స్‌రేలో కనబడదా?

ఒకరి వెనక ఒకరు నిలబడితే ఫోటోలో వెనకవారు కనబడరు కదా! ఇదీ అంతే. అందుకే కాస్త పక్కనుంచి మరో ఎక్స్‌రే తీస్తాం. అవసరమైతే సిబిసిటి స్కాన్ చేయించి, మైక్రోస్కోపుతో వెతుకుతాం.

ఒక టీచరుగారు ఎనిమిది నెలలు ఒకవైపే నములుతూ గడిపి, చివరికి పన్ను పీకించుకుందామని వచ్చారు. పక్క కోణం ఎక్స్‌రేలో అనుమానం వచ్చి వెతికితే నాలుగో కాలువ దొరికింది. శుభ్రం చేశాక నొప్పి తగ్గింది, పన్ను నిలిచింది.

అన్నిసార్లూ ఇలాగే జరుగుతుందని చెప్పలేను. నొప్పి పక్క పన్నుదీ కావచ్చు. వేరు నిలువునా చీలితే ఆ పన్ను తీయక తప్పకపోవచ్చు. కారణం తేలాకే నిర్ణయం తీసుకోవాలి. పన్ను పీకిస్తే ఖర్చు అక్కడితో ఆగదు. ఖాళీలోకి పక్క పళ్ళు ఒరుగుతాయి, కట్టుడు పన్ను ఖర్చూ మీద పడుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

* చికిత్స అయ్యాక కొద్దిరోజులు కొరికితే నొప్పి సహజం. అది రోజురోజుకీ తగ్గాలి.

* వారాలు గడిచినా వేడి కాఫీకి ఆ పన్ను సలుపుతున్నా, చిగురు మీద చీముపొక్కు లేచినా చూపించుకోండి. లవంగం నూనెతో, నొప్పి బిళ్ళలతో నెట్టుకురావద్దు.

* ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం కష్టమైనా అదే రోజు వెళ్ళండి. మింగడం, ఊపిరి ఇబ్బందైతే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

* పాత ఎక్స్‌రేలు దాచుకోండి. మళ్ళీ చికిత్స చేసేవారికి అవి బాగా పనికొస్తాయి.

* ''ఈ పన్నులో కాలువలెన్ని? అన్నీ దొరికాయా?'' అని మొహమాటపడకుండా అడగండి. పన్ను మీది, తెలుసుకునే హక్కూ మీదే.