పలక మోగింది.. పట్నం విన్నది
గానా, పరై, రాక్ కలిపి కులంపై గళమెత్తిన చెన్నై బృందం

చెన్నై: మార్గళి మాసం వచ్చిందంటే చెన్నై సభలన్నీ కచేరీలతో కళకళలాడతాయి. త్యాగరాజ కీర్తనల పుణ్యమా అని మైలాపూరు వేదికల మీద తెలుగు మాట మార్మోగుతుంది. 2018లో అదే మార్గళిలో, జనవరి 6న, కీల్పాక్‌లో మరో రకం కచేరీ జరిగింది. వేదికపై 19 మంది. ఒంటిమీద సూట్లు. చేతుల్లో పరై, సట్టి, డోలక్. పక్కనే గిటార్లు, డ్రమ్స్. త్యాగయ్య పాట లేదు, రాగాలాపన లేదు. రిజర్వేషన్లు, తిండిమీద ఆంక్షలు, కులం పేరిట హత్యలు.. ఇవే పాటలు. వినడానికి జనం వేలల్లో వచ్చారు. ఆ బృందమే ‘ది కాస్ట్‌లెస్ కలెక్టివ్’.

పేరులోనే ఉంది సంగతి

‘కబాలి’, ‘కాలా’ సినిమాలతో తెలుగువారికీ తెలిసిన దర్శకుడు పా. రంజిత్. ఆయన నెలకొల్పిన నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీతకారుడు టెన్మా కలిసి 2017లో ఈ బృందాన్ని కూర్చారు. ఉత్తర చెన్నై పేటల్లో చావు ఇళ్ల దగ్గర పాడుకునేవాళ్లను, వాయించేవాళ్లను వెతికి పట్టుకొచ్చారు. రాక్ వాద్యగాళ్లను, ర్యాప్ పాడేవాళ్లను వారికి జోడించారు.

పేరు మాత్రం కొత్తది కాదు. పండిత అయోత్తిదాసర్ (1845-1914) వాడిన ‘కులం లేని తమిళులు’ అన్న మాట నుంచి తీసుకున్నారు. సిద్ధవైద్యుడైన అయోత్తిదాసర్ 1907లో చెన్నై రాయపేట నుంచి ఒక పైసాకు వారపత్రిక నడిపారు. ఆయన బౌద్ధ సంఘానికి కోలార్ బంగారు గనుల్లోనూ శాఖ ఉండేది. తమిళ, తెలుగు కూలీలు పక్కపక్కనే బతికిన ఊరది.

పరై.. పలక.. డప్పు

తమిళంలో పరై అన్నా, చిత్తూరు వైపు పలక అన్నా, తెలంగాణలో డప్పు అన్నా సంప్రదాయం ఒకటే. చెక్క చట్రానికి తోలు బిగించి, మంట సెగకు కాచి, రెండు పుల్లలతో వాయిస్తారు. డప్పు కళాకారులు వాటిని సిర్ర, చిటికెన పుల్ల అంటారు. సెగ తగ్గితే మోత మందగిస్తుంది. మళ్లీ కాచాల్సిందే.

వాద్యం ఎంత పాతదో దానిమీద పడ్డ ముద్ర కూడా అంత పాతది. చావుకు, చాటింపుకు కొట్టడం కొన్ని కులాలకు వెట్టిగా అంటగట్టారు. వాద్యం పేరే కులం పేరైంది. అదే ఇంగ్లిష్‌లోకి ‘పరయా’గా వెళ్లి వెలివేసినవాడన్న అర్థంలో స్థిరపడింది. అలాంటి వాద్యాన్ని గిటారు పక్కన, సమానమైన మైకుతో నిలబెట్టడమే ఈ బృందం చేసిన మొదటి తిరుగుబాటు. మాటలు ఆ తర్వాతే.

గానా కథా అంతే. ఉత్తర చెన్నై మురికివాడల్లో పుట్టిన పాట. చావు ఇంట్లో రాత్రంతా పాడతారు. అందులో మద్రాసు యాస ఉంటుంది. ఆ యాసలో తెలుగూ కలిసి ఉంది. తండ్రిని ‘నైనా’ అని పిలవడం అలా వచ్చిందే.

సూటు ఎందుకంటే..

గద్దర్ గొంగళి కప్పుకుని, చేతికర్ర పట్టి ఆడితే తెలుగు పల్లెలు ఊగిపోయాయి. అది పల్లె శ్రమజీవి రూపం. కాస్ట్‌లెస్ కలెక్టివ్ సూటు వేసుకుంది. చూడగానే అంబేడ్కర్ గుర్తొచ్చే దుస్తులవి. పేదరికాన్ని వేషంగా చూపించనక్కర్లేదు, గౌరవంగా నిలబడి అడుగుతామన్నట్టు ఉంటుంది.

బృందంలో ఒకే ఒక్క మహిళ ఇసైవాణి. మగవాళ్లదే అనుకున్న గానాలో ఆమె పేరు తెచ్చుకున్నారు. 2020లో బీబీసీ వందమంది మహిళల జాబితాలో చోటు దక్కింది. పేరుతోపాటు చిక్కులూ వచ్చాయి. ఆలయ ప్రవేశంపై 2018లో వచ్చిన అయ్యప్ప పాట మీద 2024 నవంబరులో దుమారం లేచింది. భక్తుల మనోభావాలు దెబ్బతిన్నాయంటూ ఫిర్యాదులు వెళ్లాయి. తనకు బెదిరింపులు వస్తున్నాయని ఆమె చెప్పారు. ఆరేళ్ల నాటి పాట కూడా పాడినవారిని వదలదని అప్పుడు తెలిసొచ్చింది.

తెలుగు పేటల్లోనూ అదే ప్రశ్న

ఈ పాటలు తమిళంలో ఉన్నా, వాటిలోని బాధ తమిళనాట తెలుగు మాట్లాడే పేటలకు కొత్త కాదు. చెన్నై వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. కోయంబత్తూరు, ఈరోడ్ జిల్లాల్లోని అరుంధతియార్లలో ఇంట్లో తెలుగే మాట్లాడేవారు ఎక్కువ. మార్గళి సభల్లో వినిపించే తెలుగు వేరు, తెల్లవారకముందే చీపురు పట్టే వీధిలో వినిపించే తెలుగు వేరు.

ఈ వర్గాల కోసం తమిళనాడు 2009లో చట్టం చేసింది. ఎస్సీలకున్న 18 శాతంలో 3 శాతాన్ని అరుంధతియార్లకు కేటాయించింది. మాదిగ, ఆది ఆంధ్ర సహా ఏడు కులాలు ఇందులోకి వస్తాయి. ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. తమిళనాడు చట్టమూ నిలబడింది. కోటా ఎందుకో పాటగా చెప్పిన బృందానికీ, ఆ కోటా మీద ఆశ పెట్టుకున్న తెలుగు పేటకూ సంబంధం ఇక్కడే ఉంది.

2020 డిసెంబరులో నీలం కేంద్రం ‘మార్గళియిల్ మక్కళిసై’ పేరుతో ప్రజా సంగీత ఉత్సవం మొదలుపెట్టింది. బృందంలో పాడిన అరివు 2021లో ‘ఎంజాయ్ ఎంజామి’తో దేశమంతా తెలిశాడు. చావు ఇళ్ల దగ్గరే ఆగిపోయిన పలక సభా వేదిక ఎక్కింది. అది కొట్టే చేతులకు రోజూ దక్కే మర్యాద సంగతి మాత్రం ఇంకా తేలలేదు.