బుల్లెట్‌కు మూడు నూనెలు

ఆవకాయలో నువ్వుల నూనె పోస్తాం. తలకు కొబ్బరినూనె రాసుకుంటాం. కుట్టుమిషన్‌కు సన్నటి మిషన్ ఆయిల్ వేస్తాం. అన్నీ నూనెలే కదా అని ఒకదాని బదులు ఇంకోటి వాడితే ఏమవుతుందో ఇల్లాలికి వేరే చెప్పాలా? పాత బుల్లెట్ సంగతీ అంతే! ఆ బండి మీద పిల్లాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని శ్రీశైలమో, అరకో వెళ్లే ఆలోచన ఉంటే ముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి.

ఏ గదికి ఏ ఆయిల్?

పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్లో ఆయిల్ ఉండే గదులు మూడు. ఇంజన్‌ది ఒకటి. ఎడమవైపు పెద్ద మూత వెనక ప్రైమరీ చెయిను, క్లచ్చి ఉండేది రెండోది. ఇంజన్ వెనక ఉన్న గేర్‌బాక్సు మూడోది. హార్లే డేవిడ్‌సన్ పెద్ద టూరింగ్ బళ్లలోనూ ఇలా మూడు గదులుంటాయి. ఇప్పటి కొత్త బుల్లెట్లకు మాత్రం మూడింటికీ ఒకటే ఆయిల్.

ప్రైమరీలో పట్టేది అర లీటరు లోపే. కానీ క్లచ్చి ప్లేట్లు అందులోనే మునిగి తిరుగుతాయి. ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటేనే బండి ముందుకు కదిలేది. కార్ల ఆయిల్స్ కొన్నింటిలో జారుడు పెంచే మందులు కలుపుతారు. చవగ్గా వచ్చిందనో, మిగిలిపోయిందనో అది పోస్తే ప్లేట్లు జారతాయి. ఇంజన్ హోరెత్తుతుంది గానీ బండి కదలదు. ఘాట్ రోడ్డు మలుపులో, వెనక లారీ వస్తుండగా అలా జరిగితే? అందుకే టిన్ను మీద ‘జాసో ఎంఏ’ అనే గుర్తుందో లేదో చూసి కొనాలి. తడి క్లచ్చికి పనికొస్తుందనడానికి అదే గుర్తు.

గేర్‌బాక్సు లెక్క వేరు. అక్కడ పళ్లచక్రాలు ఒరుసుకుంటాయి కాబట్టి చిక్కటిది కావాలి. కొన్ని బళ్లకు గేర్ ఆయిల్, పాత నాలుగు గేర్ల వాటికి మెత్తటి గ్రీజు వాడతారు. మీ బండికి ఏది పడుతుందో బండితో వచ్చిన పుస్తకం చెబుతుంది. దాన్ని గ్యాస్ పుస్తకంలాగే భద్రంగా దాచండి.

మార్చేటప్పుడు

* బండిని పది నిమిషాలు నడిపి మార్చాలి. వేడికి ఆయిల్ పల్చబడి మడ్డితో సహా దిగిపోతుంది.
* సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండు వేయాలి. ప్రైమరీకి లెవెల్ స్క్రూ ఉంటుంది. అది విప్పి, అక్కణ్ణుంచి ఆయిల్ చెమర్చేదాకా పోస్తే చాలు. ఎక్కువ పోస్తే కారుతుంది. కారింది వెనక టైరుకు అంటితే బండి జారుతుంది.
* దిగిన ఆయిల్‌ను పాత తెల్లగుడ్డ మీద వేసి చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయన్నమాట. మెరిసే ఇనుప పెచ్చులు కనిపిస్తే ప్రయాణం వాయిదా వేసి మెకానిక్‌కు చూపించాలి.
* ఏమీ పోయకుండానే ప్రైమరీలో ఆయిల్ పెరిగిందా? ఇంజన్ ఆయిల్ సీలు దాటి వస్తోందేమో అడగండి.
* మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

ఇంట్లో జాగ్రత్తలు

పాత ఆయిల్‌ను తూములో గానీ, మొక్కల్లో గానీ పోయొద్దు. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపుకు ఇవ్వండి. మిగిలిన కొత్త ఆయిల్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వంటనూనె సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోయనివ్వకండి. పసిపిల్లలకు ఏం తెలుస్తుంది? దాని టిన్నులోనే ఉంచి, వాళ్లకు అందనంత ఎత్తున పెట్టండి.

బట్టకు మరక అంటితే వెంటనే తడపకండి. టాల్కం పౌడరు చల్లి, అది పీల్చుకున్నాక దులిపి, అంట్లు తోమే లిక్విడ్ రుద్ది ఉతకండి.

ఈసారి మెకానిక్ “ఏదో ఒకటి పోసేద్దాం లెండమ్మా” అంటే ఊరుకోకండి. “ఏ గదికి ఏ ఆయిల్?” అని అడగండి. టిన్ను మీది గుర్తు చూశాకే మూత తీయనివ్వండి!