స్త్రీధనం నుండి సమభాగం వరకు: తెలుగునాట స్త్రీల భూమిహక్కు – ఒక పరిశీలన

చరిత్రలో స్త్రీ స్థితిగతులను వివరించే రచనలలో మూడు మెట్ల చిత్రం ఒకటి స్థిరపడింది. వేదకాలంలో ఔన్నత్యం, మధ్యయుగంలో పతనం, సంస్కరణోద్యమంతో పునరుద్ధరణ. మొదటి మెట్టుకు గార్గి, మైత్రేయి, చివరి మెట్టుకు వీరేశలింగం నిదర్శనాలవుతారు. విద్యనో వివాహాన్నో కొలమానంగా తీసుకున్నప్పుడు ఈ చిత్రం కొంతవరకు నిలుస్తుంది. ఆస్తిని, అందులోనూ భూమిని కొలమానంగా తీసుకుంటే నిలవదు. భూమిపై హిందూ స్త్రీకి గల హక్కు శాస్త్రగ్రంథంలో విస్తరించి న్యాయస్థానంలో కుంచించుకుపోయిన సందర్భం ఉంది. సంస్కరణ చట్టమే ఆ హక్కును తగ్గించిన సందర్భాలూ ఉన్నాయి. తెలుగు ప్రాంతానికి సంబంధించిన కొన్ని ఆధారాలతో ఈ హెచ్చుతగ్గులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘ఆద్య’ శబ్దం – రెండు వ్యాఖ్యలు

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రచించిన వ్యాఖ్య మితాక్షర. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన దీనిని ‘విజ్ఞానేశ్వరీయము’ పేర తెనిగించాడు. ధర్మశాస్త్ర విషయం తెలుగు పద్యంలోకి రావడం ఆనాటి వ్యవహార నిర్ణయాలలో దాని అవసరాన్ని సూచిస్తుంది.

స్త్రీధనం ఏమేమిటో చెప్పే సందర్భంలో స్మృతి కొన్నింటిని పేర్కొని ‘ఆద్యం’ అంటుంది. విజ్ఞానేశ్వరుడు ఈ మాటకు ‘మొదలైనవి’ అనే అర్థాన్ని పూర్తిగా వర్తింపజేసి, వారసత్వంగా వచ్చినది, కొన్నది, పంపకంలో పొందినది కూడా స్త్రీధనమేనన్నాడు. వంగదేశంలో ప్రమాణమైన దాయభాగ కర్త జీమూతవాహనుడు ఇంత విస్తృతిని అంగీకరించలేదు. అయితే మితాక్షర ప్రమాణంగా ఉన్న ప్రాంతాలలో కూడా ఈ వ్యాఖ్య నిలవలేదు. భర్త నుండి సంక్రమించిన ఆస్తి స్త్రీధనం కాదని 1867లో, స్త్రీ నుండి స్త్రీకి సంక్రమించినది కూడా కాదని 1903లో లండనులోని ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. బొంబాయి ప్రాంతానికి కొంత మినహాయింపు దక్కింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకు దక్కలేదు. నిజాం రాజ్యం ఈ న్యాయస్థానం పరిధిలో లేదు.

దీని ఫలితం ‘పరిమిత హక్కు’. వితంతువు బ్రతికినన్నాళ్లు ఆ భూమి ఫలసాయాన్ని అనుభవించవచ్చు. శాస్త్రసమ్మతమైన అవసరం ఉంటే తప్ప అమ్మరాదు. ఆమె తదనంతరం భూమి ఆమె వారసులకు గాక, భర్త వారసులకు పోతుంది. ఈ స్థితిని ప్రాచీన ధర్మశాస్త్రం విధించిన బంధనంగా భావించడం పరిపాటి. మితాక్షర పాఠాన్ని బట్టి చూస్తే, అది ఆ రూపంలో గట్టిపడటంలో 19వ శతాబ్ది న్యాయమూర్తుల పాత్ర తక్కువది కాదు.

పునర్వివాహం – కోల్పోయిన ఆస్తి

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహానికి చట్టబద్ధత కల్పించినది 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం. ఆ చట్టంలోని రెండవ సెక్షను ప్రస్తావన మాత్రం సంస్కరణోద్యమ చరిత్రలలో అరుదు. దాని ప్రకారం మళ్లీ పెళ్లాడిన వితంతువుకు మొదటి భర్త ఆస్తిపై ఉన్న హక్కులు, ఆమె మరణించినట్లుగానే భావించి, రద్దవుతాయి. మారుమనువు ఆచారంగా ఉన్న కులాలకు ఈ చట్టం అవసరమే లేదు. అయినప్పటికీ అలహాబాదు మినహా, మద్రాసుతో సహా ప్రధానమైన ఉన్నత న్యాయస్థానాలు హక్కు కోల్పోయే నియమాన్ని ఆ కులాల స్త్రీలకు కూడా వర్తింపజేశాయి. అగ్రవర్ణ వితంతువు కోసం వచ్చిన సంస్కరణకు మూల్యం చెల్లించినవారిలో, ఆ సంస్కరణతో పనిలేని స్త్రీలు ఉన్నారన్నమాట.

మనోవర్తి భూమి – తులసమ్మ కేసు

1937 నాటి హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం వితంతువుకు భర్త ఆస్తిలో భాగం ఇచ్చింది గాని, అది పరిమిత హక్కే. కూతురి ఊసు అందులో లేదు. వ్యవసాయ భూమికి అది వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పగా, మద్రాసు రాష్ట్రం 1947లో ప్రత్యేక శాసనంతో ఆ లోటును పూడ్చింది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను స్త్రీ స్వాధీనంలోని పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. కానీ దస్తావేజులోనే పరిమితి విధించి ఇచ్చిన ఆస్తిని అదే సెక్షను రెండవ ఉపవిభాగం మినహాయించింది. మనోవర్తి కింద రాజీ పత్రం ద్వారా భూమి పొందిన తెలుగు వితంతువు తులసమ్మ కేసులో ఈ చిక్కే ఎదురైంది. హైకోర్టులో ఓడిన ఆమెకు 1977లో సుప్రీంకోర్టు సంపూర్ణ హక్కును గుర్తించింది. మనోవర్తి ఆమెకు ముందునుండీ ఉన్న హక్కు. భూమి దానికి బదులుగా వచ్చినది. కనుక అది కొత్తగా ఇచ్చిన దానం కాదు అన్నది తీర్పులోని తర్కం. ఆ తర్వాతి తీర్పులలో భిన్నాభిప్రాయాలు వచ్చినందున 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ సమస్యను విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

పన్నెండు ఎకరాల లెక్క

వితంతువు సంగతి ఇలా ఉండగా, కూతురి విషయంలో 1956 చట్టం సగంలోనే ఆగింది. సమష్టి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే మిగిలింది. ఈ హక్కును కూతుళ్లకు కూడా వర్తింపజేసిన తొలి చట్టం ఆంధ్రప్రదేశ్‌ది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన ఈ సవరణ 1986లో చట్టమై, 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోకి వచ్చింది. ఆ తేదీకి ముందే వివాహమైన కూతుళ్లను అది మినహాయించింది.

ఈ మినహాయింపు ప్రభావం ఉదాహరణతోనే స్పష్టమవుతుంది. ఒక కుటుంబానికి 12 ఎకరాల సమష్టి భూమి ఉందనుకుందాం. తల్లి లేదు, తండ్రి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. పెద్దకూతురికి 1984లో పెళ్లయింది; చిన్నమ్మాయి అవివాహిత. తండ్రి వీలునామా రాయకుండా మరణించాడు. 1956 చట్టం ప్రకారం తండ్రికి, కొడుకుకు మొదట చెరి 6 ఎకరాలు. తండ్రి వాటా ముగ్గురికీ సమానంగా పంచగా పెద్దకూతురికి వచ్చేది 2 ఎకరాలు. 1985 సవరణ ప్రకారం తండ్రి, కొడుకు, చిన్నకూతురు తలా 4 ఎకరాలకు హక్కుదారులు. తండ్రి 4 ఎకరాలను ముగ్గురికి పంచితే పెద్దకూతురికి మిగిలేది సుమారు 1 ఎకరం 33 సెంట్లు. చెల్లెలికి మాత్రం 5 ఎకరాల 33 సెంట్లు. స్త్రీల సమానత్వం కోసం వచ్చిన సవరణ అక్కకు అంతకుముందున్న వాటాలో మూడోవంతు తగ్గించిందన్నమాట. పెళ్లినాడు పసుపుకుంకుమల కింద ఆమెకు ఏదో ముట్టే ఉంటుందన్న భావన ఈ మినహాయింపు వెనుక ఉండవచ్చు. అలా ముట్టినది భూమి అయితే ఆమె పేర దస్తావేజు ఉంటుంది. నగదైతే అది అత్తింటివారి చేతిలోకి పోవడమే ఎక్కువ.

2005 సెప్టెంబరు 9 నుండి అమలైన కేంద్ర సవరణ ఈ భేదాన్ని తొలగించింది. అదే ఉదాహరణలో ఇప్పుడు నలుగురికీ తలా 3 ఎకరాలు, తండ్రి వాటా నుండి మరో ఎకరం. పెద్దకూతురికి మొత్తం 4 ఎకరాలు. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

సంతకం

2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను 2005 సవరణ కదిలించదు. అలా ముందే జరిగిందనే పంపకానికి రిజిస్టరు దస్తావేజో న్యాయస్థానం డిక్రీయో ఆధారం కావాలని చట్టం చెబుతుంది. నోటిమాట పంపకాన్ని, ప్రభుత్వ దస్త్రాల బలం ఉన్న అరుదైన సందర్భాలలో తప్ప, అంగీకరించరాదన్నది వినీతా శర్మ తీర్పు. పెద్దమనుషుల సమక్షంలో తెల్లకాగితంపై పారీఖత్తు రాసుకొని అన్నదమ్ములు భూమిని పంచుకొనే గ్రామాలలో ఈ నియమం ప్రాముఖ్యం గలది. పూర్వం ఆ కాగితంపై ఆడపడుచు సంతకంతో ఎవరికీ పని లేదు. ఇప్పుడు భూమి అమ్మబోయినా, తాకట్టు పెట్టబోయినా కొనేవారు, బ్యాంకులు ఆమె సంతకం అడుగుతున్నారు. అందువల్ల హక్కు విడుదల దస్తావేజు ప్రాముఖ్యం పెరిగింది. చీర, సారె, పండుగ పిలుపు, పుట్టింటి రాకపోకలు నిలుపుకోవడం కోసం అక్కచెల్లెళ్లు అందులో సంతకం చేస్తుంటారు. రిజిస్టరు అయిన విడుదల దస్తావేజు చెల్లుతుంది. అందులో ప్రతిఫలం కింద రాసిన సొమ్ము నిజంగా ఆమెకు ముట్టిందా లేదా అన్నది ఆమె న్యాయస్థానానికి వెళ్లి ప్రశ్నిస్తేనే విచారణకు వస్తుంది. వెళ్లడమంటే అన్నదమ్ములపై దావా వేయడమే.