అయాను చలనశీలతా వర్ణపటమితి

అయాను చలనశీలతా వర్ణపటమితి అనగా గాలిలో అతి స్వల్పంగా ఉన్న రసాయనాలను, వాటి అయానుల ప్రయాణ కాలాన్ని బట్టి గుర్తించే పద్ధతి. దీనిని సంక్షిప్తంగా ఐ.ఎం.ఎస్. అంటారు. 1970లో మార్టిన్ కోహెన్, ఫ్రాన్సిస్ కారాసెక్‌లు దీనిని ప్లాస్మా క్రొమటోగ్రఫీ అనే పేరుతో పరిచయం చేసారు. యుద్ధ రసాయనాలను పసిగట్టడానికీ, విమానాశ్రయాలలో పేలుడు పదార్థాల, మాదకద్రవ్యాల తనిఖీకీ ఇది విరివిగా వాడుకలో ఉంది.

పనిచేసే విధానం

నికెల్-63 వంటి రేడియోధార్మిక పదార్థము గాని, విద్యుదుత్సర్గము గాని పరికరంలోని గాలిని అయానీకరిస్తుంది. మొదట నీటి అణువులతో కూడిన ధన అయానులు ఏర్పడతాయి. నీటికన్నా బలంగా ప్రోటానును ఆకర్షించే అణువు ఎదురైతే, ప్రోటాను దానికి బదిలీ అవుతుంది. ఈ అయానులు విద్యుత్ క్షేత్రంలో కొన్ని సెంటీమీటర్ల గొట్టం గుండా కొన్ని మిల్లీసెకన్లలో ప్రయాణిస్తాయి. సాధారణంగా చిన్న అయానులు ముందు, పెద్దవి తరువాత చేరతాయి. నైట్రో సమ్మేళనాలైన పేలుడు పదార్థాలను ఋణ అయానులుగా గుర్తిస్తారు.

కొత్త ఉపయోగాలకు మార్చడం

ఒక పనికి తయారైన పరికరాన్ని వేరొక రసాయనానికి వాడాలంటే దాని ప్రయాణ కాలాన్ని కొలిచి పరికరపు జ్ఞాపకంలో చేర్చాలి. అమోనియా వంటి సహాయక వాయువును కలిపితే అనవసరమైన పదార్థాల సంకేతాలు తగ్గుతాయి. మిశ్రమాలను ముందుగా క్రొమటోగ్రఫీ గొట్టంలో వేరుచేస్తారు. గాలిలోని తేమ అయానుల పరిమాణాన్ని మారుస్తుంది గనుక, కోనసీమ వంటి తీర ప్రాంతాలలో గాలిని ఆరబెట్టే ఏర్పాటు తప్పనిసరి.

కోనసీమ సందర్భం

కోనసీమ సహజవాయు నిక్షేపాలకు ప్రసిద్ధి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి నుండి ఎగసిన మంటలు 65 రోజులు కొనసాగాయి. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గొట్టం నుండి వెలువడిన వాయువు అంటుకొని 20 మందికి పైగా మరణించారు.

ఇటువంటి లీకులను ఐ.ఎం.ఎస్. కనిపెట్టగలదా? సహజవాయువులో ప్రధానమైన మీథేనును నేరుగా కనిపెట్టలేదు. ప్రోటాను ఆకర్షణ నీటికి మోలుకు సుమారు 691 కిలోజౌళ్ళు కాగా, మీథేనుకు 544 మాత్రమే. అందువలన ప్రోటాను నీటిని వదలి మీథేనును చేరదు. మీథేనుకు పరారుణ లేదా ఉత్ప్రేరక సంవేదకాలను వాడతారు.

అయితే మీథేనుకు వాసన లేదు. లీకును ముక్కు పసిగట్టేందుకు పంపిణీ వాయువులో మెర్కాప్టానులు గాని, టెట్రాహైడ్రోథయోఫీను గాని కలుపుతారు. టెట్రాహైడ్రోథయోఫీను ఆకర్షణ సుమారు 849 కిలోజౌళ్ళు. కనుక వాసన ద్రవ్యం తగిన మోతాదులో ఉన్నదో లేదో ఐ.ఎం.ఎస్. చక్కగా కొలవగలదు. కాని దూరప్రాంతాలకు వాయువును చేరవేసే పెద్ద గొట్టాలలో సాధారణంగా వాసన ద్రవ్యం కలపరు. ఆ గొట్టాల వెంట ఉన్న గ్రామాలకు మీథేను సంవేదకాలు, గొట్టాల తుప్పు తనిఖీ ముఖ్య రక్షణలు.